ట్రెడ్‌మిల్ కొనే ముందు మైదానం తాళం తీయండి: మన విశ్వవిద్యాలయాల అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు, రిజిస్ట్రార్లకు, చీఫ్ వార్డెన్లకు నమస్కారాలతో,

కొత్త విద్యా సంవత్సరం దగ్గరపడగానే బడ్జెట్ కాగితాల్లో ఫిట్‌నెస్ సెంటర్ పద్దు కనిపిస్తుంది. ఏసీ గది, గోడ నిండా అద్దాలు, నాలుగు ట్రెడ్‌మిల్లులు, మూలన ఒక పెద్ద మల్టీ జిమ్. ఆ ఫైలు మీద సంతకం చేసే ముందు ఈ ఉత్తరం ఒక్కసారి చదవండని మా మనవి. మేం వ్యాయామ విద్య బోధించేవాళ్లం, మైదానాలు చూసుకునేవాళ్లం, హాస్టల్ మెస్సుల లెక్కలు తెలిసినవాళ్లం.

ఒక చిన్న లెక్క వేద్దాం. జిమ్ రోజుకు నాలుగు గంటలు తెరుస్తారు. మనిషికి అరగంట చొప్పున ఒక ట్రెడ్‌మిల్ మీద ఎనిమిది మంది, నాలుగింటి మీద కలిపి 32 మంది. హాస్టళ్లలో మూడు వేల మంది ఉంటే మిగతావాళ్ల సంగతేమిటి? పైగా కమర్షియల్ ట్రెడ్‌మిల్ ధర లక్షల్లో ఉంటుంది. బెల్టు కింద సిలికాన్ నూనె వేయకపోతే రాపిడి పెరిగి మోటారు మీద భారం పడుతుంది. మన కరెంటు హెచ్చుతగ్గులకు కంట్రోల్ బోర్డు కాలుతుంది. బాగుచేసే మనిషి నగరం నుంచి రావాలి, వార్షిక నిర్వహణ ఒప్పందం రెండో ఏడాది రెన్యువల్ కాదు. చివరికి యంత్రం మీద గుడ్డ కప్పుతారు.

అదే డబ్బులో చిన్న భాగంతో క్యాంపస్ మొత్తానికి సరిపడే ఏర్పాటు చేయవచ్చు. తాళం తీసిన మైదానం, చీకటి పడ్డాక వెలిగే నాలుగు దీపాలు, వేలాడటానికి ఇనుప కడ్డీలు, నీళ్లు కలపని పప్పు. మేం అడిగేది ఇంతే.

ముందు నడక సంగతి. వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కు చురుగ్గా నడిస్తే పావుగంట పట్టే క్యాంపస్‌లు మనకు చాలా ఉన్నాయి. పోవడానికి పావుగంట, రావడానికి పావుగంట, వారానికి ఐదు రోజులు. అక్కడికే 150 నిమిషాలు అయిపోయాయి. చురుగ్గా అంటే పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మరి పిల్లలు ఎందుకు బండెక్కుతున్నారు? ఆ దారిలో నీడ లేదు, ఫుట్‌పాత్ మీద పైపులు, కంకర పోసి ఉన్నాయి, సాయంత్రం ఆరు దాటితే చీకటి. వేప, కానుగ మొక్కలు నాటించి, ఫుట్‌పాత్ ఖాళీ చేయించి, దారి పొడవునా దీపాలు వెలిగేలా చూస్తే వ్యాయామంలో సగం పని జరిగినట్టే.

ఇక కండరాల పని. దీనికి మేం అడిగే సరంజామా మూడు జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు. మీ ఇంజనీరింగ్ విభాగం వాళ్లకు పనికొచ్చేలా కొలతలతో సహా చెబుతాం.

జీఐ పైపు 6 మీటర్ల పొడవున వస్తుంది. నిలువు స్తంభాలకు 2 అంగుళాల మీడియం క్లాస్ పైపులు రెండు, చేత్తో పట్టుకునే అడ్డకడ్డీలకు 1 అంగుళం పైపు ఒకటి తీసుకోండి. వరసగా నాలుగు స్తంభాలు, వాటి మధ్య 1.2 మీటర్ల వెడల్పున మూడు కడ్డీలు. మొదటిది నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తున, రెండోది 1.95 మీటర్ల ఎత్తున, మూడోది 1 మీటరు ఎత్తున. ప్రతి స్తంభం 75 సెంటీమీటర్లు భూమిలోకి దిగాలి. మొదటి పైపును సరిగ్గా మధ్యకు కోస్తే 3 మీటర్ల స్తంభాలు రెండు వస్తాయి. రెండో పైపులోంచి 2.7 మీటర్లది ఒకటి, 1.75 మీటర్లది ఒకటి తీయాలి. అంగుళం పైపులో 3.6 మీటర్లు కడ్డీలకు పోగా మిగిలిన దాన్ని 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, స్తంభానికి రెండు చొప్పున అడుగు భాగాన అడ్డంగా వెల్డింగ్ చేయాలి. అవి కాంక్రీటులో ఇరుక్కుంటేనే స్తంభం గిర్రున తిరగకుండా ఉంటుంది. ఈ ముక్కలు పెట్టకపోవడం వల్లే చాలాచోట్ల కడ్డీలు ఆర్నెల్లకు ఊగుతున్నాయి.

గుంత 45 సెంటీమీటర్ల చదరం, 85 సెంటీమీటర్ల లోతు. అడుగున 10 సెంటీమీటర్ల కాంక్రీటు పోసి దానిమీద స్తంభం నిలపాలి, పైపు మొదలు మట్టిని తాకకూడదు. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు, నాలుగు గుంతలకు కలిపి నాలుగైదు బస్తాల సిమెంటు. పైభాగాన్ని నేల కంటే 5 సెంటీమీటర్లు లేపి, చుట్టూ వాలుగా మెత్తితే వాన నీళ్లు మొదట్లో నిలవవు. వారం రోజులు తడపాలి, రెండు వారాలు ఎవర్నీ వేలాడనివ్వకూడదు. నల్లరేగడి నేల అయితే ఇంకో అడుగు లోతుకు తవ్వి అడుగున, చుట్టూ మొరం కూరాలి. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిస్తుంది, మామూలు పునాది వేస్తే స్తంభాలు రెండో వేసవికే పక్కకు ఒరుగుతాయి.

వెల్డర్‌తో మూడు విషయాలు ముందే మాట్లాడుకోవాలి. వెల్డింగ్ చేసేచోట జింకు పూతను గ్రైండర్‌తో తీసేయాలి, జింకు కాలిన పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. అతుకు దగ్గర పూత పోతుంది కాబట్టి అక్కడ జింకు ప్రైమర్ పూయాలి. పైపుల పై నోళ్లు మూసి వెల్డింగ్ చేయాలి, లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగి తుప్పు బయటికి కనబడకుండా తింటుంది. ఇంకొకటి, గట్టిగా ఉంటుందని చెప్పి అడ్డకడ్డీకి ఒకటిన్నర అంగుళాల పైపు పెట్టేస్తుంటారు. దాని బయటి కొలత 48 మిల్లీమీటర్లు, చిన్న చేతులున్నవాళ్లకు పిడికిలి మూతపడదు. అంగుళం పైపు బయటి కొలత దాదాపు 34 మిల్లీమీటర్లు, అదే సరైనది. పట్టుకునే చోట ఎనామిల్ పెయింటు వేయొద్దు, చెమటకు జారుతుంది. కింద 15 సెంటీమీటర్ల మందాన ఇసుక పోయించి వారానికోసారి పారతో తిరగేయిస్తే గట్టిపడదు, గాజుపెంకులుంటే బయటపడతాయి.

మూడు ఎత్తులు ఎందుకంటే, మొదటి రోజే పుల్‌అప్ తీయగలిగేవాళ్లు తక్కువ. ఒకే ఎత్తైన కడ్డీ పెడితే అది ఇప్పటికే బలంగా ఉన్న పది మందిదవుతుంది. కొత్తవాళ్లు మీటరు ఎత్తు కడ్డీ కిందకు వెళ్లి, మడమలు నేలకు ఆనించి, ఒళ్లు కర్రలా నిటారుగా ఉంచి ఛాతీని కడ్డీ దాకా లాక్కోవాలి. ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో నిమిషంన్నర నుంచి రెండు నిమిషాల విరామం. అది తేలికయ్యాక 1.95 మీటర్ల కడ్డీ దగ్గర చిన్నగా ఎగిరి గడ్డాన్ని కడ్డీ పైకి తెచ్చి, ఐదు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి, ఇలా ఐదుసార్లు. దిగడానికి ఎనిమిది అంకెలు పట్టే స్థాయికి వస్తే మొదటి పుల్‌అప్ ఎంతో దూరంలో ఉండదు. దండీలు కూడా అంతే. ముందు మీటరు ఎత్తు కడ్డీ మీద చేతులుంచి, తర్వాత మెట్ల మీద, ఆ తర్వాత నేల మీద. ప్రతి విడతలో 12 తీయగలిగినప్పుడే ఎత్తు తగ్గించాలి. బస్కీలు 15 చొప్పున మూడు విడతలు. అవి సులువైతే పుస్తకాల బ్యాగు ఛాతీకి హత్తుకుని తీయాలి. లీటరు నీళ్ల సీసా ఒక కిలో కాబట్టి బరువు ఎంత పెరిగిందో లెక్కగా తెలుస్తుంది. ఇదంతా 35 నిమిషాల పని. సోమ, బుధ, శుక్రవారాలు చాలు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే, దాదాపు అందరిదీ. మొదటి రోజు ఉత్సాహంలో ఒళ్లు పులిసేలా చేసి, మర్నాడు మోచెయ్యి చాపలేక, మెట్లు దిగలేక, నాలుగో రోజుకు మానేస్తారు. ఇంకో రెండు తీయగలను అనిపించినప్పుడే ఆపాలి. ఈ మాట, పైన చెప్పిన క్రమం కడ్డీల పక్క గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పెయింటు వేయించండి. ఫ్లెక్సీ కట్టిస్తే ఒక్క వేసవికే వెలిసిపోతుంది.

హాస్టల్ గది తలుపు చౌకట్లకు వేలాడటం, రెండు ప్లాస్టిక్ కుర్చీల మధ్య డిప్స్ తీయడం దయచేసి మాన్పించండి. చౌకట్లు ఊడివస్తాయి, కుర్చీ కాళ్లు విరుగుతాయి, మణికట్లు పోతాయి. బయట కడ్డీలుంటే గదుల్లో ఈ అవస్థ ఉండదు.

బరువులు కావాలనుకునే విద్యార్థులు ఉంటారు, ఉండాలి కూడా. వాళ్లకు 20 కిలోల బార్, ఓ వంద కిలోల ప్లేట్లు, స్క్వాట్ స్టాండ్లు, నేల మీద మందపాటి రబ్బరు పలకలు చాలు. దేనికీ ప్లగ్గు అక్కర్లేదు, కాలిపోయే బోర్డు లేదు. ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది ఇనుప కడ్డీతో, పళ్లేలతో చేసే ఈ సాధనలోనే. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడిని కన్న శ్రీకాకుళం నేలకు, ఊరూరా తాలింఖానాలు (వ్యాయామశాలలు) ఉన్న మన ప్రాంతానికి దండీలు, బస్కీలు, గద తిప్పడం కొత్త విద్యలు కావు.

ఆటలు మరిచిపోవద్దు. ఒక్క వాలీబాల్ 12 మందిని ఆడిస్తుంది, 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు నేల చాలు. వల ఎత్తు అబ్బాయిలకు 2.43, అమ్మాయిలకు 2.24 మీటర్లు. రెండు ఎత్తులకూ స్తంభాల మీద కొక్కేలుంటే ఒకే కోర్టు అందరిదీ. కబడ్డీకి మట్టి కోర్టు వేయించి, ఆటకు ఓ గంట ముందు నీళ్లు చల్లి చదును చేయించే మనిషిని పెట్టండి. ఎండి గట్టిపడిన నేల మీద పడితే మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోతాయి.

ఇక దీపాలు. 150 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు నాలుగు, సాయంత్రం నాలుగు గంటలు వెలిగితే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు. మూడు నాలుగు ఏసీలు నడిచే జిమ్ గది ఇంత కరెంటును రెండు మూడు రోజుల్లోనే తాగేస్తుంది. దీపాలను కోర్టు మూలల్లో ఆరేడు మీటర్ల ఎత్తున, బంతి చూసేవాళ్ల కళ్లలో పడని కోణంలో పెట్టాలి. ఇనుప స్తంభానికి ఎర్తింగ్, లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. వానాకాలంలో తడి నేల మీద చెప్పుల్లేకుండా ఆడే పిల్లలు ఆ స్తంభాన్నే పట్టుకుని నిలబడతారు. ఈ విషయంలో ఒక్క రూపాయి కూడా తగ్గించకండి.

దీపాలు పెట్టినా అమ్మాయిలు వస్తారా అన్నది మీ చేతుల్లో ఉంది. మైదానం ఉదయం ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి, మహిళా హాస్టల్ గేటు మాత్రం ఆరున్నరకే మూస్తే ఆ మైదానం సగం మందికి లేనట్టే. గేటు వేళను మైదానం వేళతో కలపండి. సాయంత్రం పూట ఒక మహిళా ఫిజికల్ డైరెక్టర్‌నో, కోచ్‌నో ఉంచండి. మైదానం దగ్గర తాళం లేని, నీళ్లొచ్చే టాయిలెట్ ఉండాలి. పైన చెప్పిన మూడు కడ్డీల సెట్టు ఒకటి మహిళా హాస్టల్ కాంపౌండ్ లోపల కూడా పెట్టండి. అయితే లోపల పెట్టాం కదా అని బయటకు రానివ్వకపోతే మాత్రం మేం ఒప్పుకోం.

ఇప్పుడు మెస్. ఒంటికి శ్రమ పెంచి పళ్లెంలో తిండి పెంచకపోతే పిల్లలు నీరసపడతారు. 2020 నాటి భారతీయ వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల విద్యార్థికి 50 గ్రాములు. మన మెస్‌లో ఇది ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. రోజుకు 350 గ్రాముల బియ్యంతో సుమారు 25 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పుతో 13, గుడ్డుతో 6, గ్లాసుడు పెరుగుతో 6, పల్లీ చట్నీలో 20 గ్రాముల పల్లీలతో 5. కలిపితే 55. అంటే పప్పు, గుడ్డు, పెరుగు, పల్లీలు సరిగ్గా పడితే ఏ పొడీ అవసరం లేదు. గట్టిగా సాధన చేసేవాళ్ల కోసం వారానికి రెండుసార్లు మీల్ మేకర్ కూర పెట్టండి. మనిషికి 30 గ్రాముల ఎండు మీల్ మేకర్ 15 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది.

300 మందికి రోజుకు కందిపప్పు 18 కిలోలు, గుడ్లు పది ట్రేలు, పల్లీలు 6 కిలోలు, మీల్ మేకర్ రోజున అది 9 కిలోలు. ఈ అంకెలు మెస్ టెండర్‌లో పచ్చి సరుకు తూకంగా రాయాలి. "రోజూ పప్పు" అని మాత్రమే రాస్తే 18 కిలోలు 8 కిలోలై, మిగతాది నీళ్లతో నిండుతుంది. గరిటె ముంచితే అడుగున పప్పు, పైన పసుపు నీళ్లు కనబడే గిన్నెలో తప్పు వంటమనిషిది కాదు, స్టోర్ గది తూకానిది. రోజూ ఒక విద్యార్థి ప్రతినిధి ఎదుట సరుకు తూచి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించండి. గుడ్డు తినని వాళ్లకు 30 గ్రాముల పెసలు మొలకలు కట్టి ఇవ్వండి.

వేళలు కూడా మార్చాలి. ఏడింటికి మైదానం నుంచి వచ్చిన వాళ్లకు ఎనిమిదిన్నర దాకా ఏమీ దొరకదు, తొమ్మిదింటికి ల్యాబ్. ఏడు నుంచే ఉడికించిన గుడ్లు, మొలకలు, అరటిపండ్లు బయట పెట్టిస్తే చాలు. రాత్రి భోజనం తొమ్మిదిన్నర దాకా ఉండాలి. ఇంకో మాట. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితేనే ఆయాసం వచ్చే అమ్మాయికి బద్ధకం అని పేరు పెట్టకుండా హెల్త్ సెంటర్‌లో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. భోజనంతో పాటే టీ ఇవ్వడం ఆపి, ఆకుకూర పప్పు పక్కన నిమ్మచెక్క పెట్టించండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, నిమ్మ పట్టేలా చేస్తుంది.

క్యాంపస్ గేటు ముందు అమ్మే మాస్ గెయినర్ డబ్బాల్లో ఎక్కువ భాగం చక్కెర జాతి పిండే. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ప్రొటీన్ పొడులు వాడొద్దనే చెప్పాయి. ఆ సంస్థ తార్నాకలో, ఉస్మానియా పక్కనే ఉంది. వాళ్ల మాట హాస్టల్ నోటీసు బోర్డు దాకా రావాలి.

పరుగు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన క్యాంపస్‌లలో వందల మంది కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాల కోసం పరుగెత్తుతారు. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టి, మొదటి వారమే 1600 మీటర్లు పూర్తి వేగంతో కొట్టి, సిమెంటు రోడ్డు మీద, అరిగిన బూట్లతో మోకాలి కింద ముందు ఎముక నొప్పి తెచ్చుకుంటారు. ఆ నొప్పితోనే పరుగెత్తితే ఎముకలో సన్నని చీలిక దాకా పోతుంది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిదిసార్లు, వారానికి మూడు రోజులు. తర్వాతి వారాల్లో పరుగు నిమిషాలు పెంచుతూ, నడక తగ్గిస్తూ పోవాలి. వాళ్ల కోసం మీరు చేయాల్సింది 400 మీటర్ల మట్టి ట్రాక్‌ను చదును చేయించి, సున్నం గీతలు వేయించి, వాహనాల పార్కింగ్‌కు, సభలకు దాన్ని ఇవ్వకపోవడం. ఒక్క సభకు లారీలు తిరిగితే పడే గాడులు మళ్లీ వాన పడి రోలర్ తిప్పేదాకా పోవు. చీలమండలు మెలికపడేది ఆ గాడుల్లోనే.

మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఏడు దాటాక పరుగు వద్దు. మైదానం దగ్గర తాగునీటి కుళాయి, పక్కన ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టండి. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు సమతలపు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందాజు పనికిరాదు. ఎవరైనా ఎండకు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోగా నీడలో పడుకోబెట్టి ఒంటి నిండా నీళ్లు పోసి విసరాలి, మెడకు, చంకలకు ఐసు పెట్టాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

బస్కీలను శిక్షగా తీయించే అలవాటును అధికారికంగా నిషేధించండి. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా వందల బస్కీలు తీయిస్తే కండరం చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం కోలా రంగులో వస్తే అదే గుర్తు, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీనియర్లు చేయించినా, వార్డెన్ చేయించినా ఫలితం ఒక్కటే. పైగా వ్యాయామం అంటే శిక్ష అని మెదడులో పడినవాళ్లు జీవితంలో మళ్లీ దాని జోలికి రారు.

డబ్బు ఎక్కడిది అని అడుగుతారు. అడ్మిషన్ రోజునే ప్రతి విద్యార్థి దగ్గరా గేమ్స్ ఫీజు తీసుకుంటున్నారు. ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది, ఇంటర్ యూనివర్సిటీ జట్ల ప్రయాణాలకు ఎంత, మిగతా వేల మందికి ఎంత, ఏటా ఒక పేజీలో లెక్క రాసి మైదానం గేటుకు అతికించండి. ముందు ఒక హాస్టల్ దగ్గర ఒక సెట్టు కడ్డీలు, రెండు దీపాలతో మొదలుపెట్టినా సరే. తాళంచెవి మాత్రం ఒకే అటెండర్ జేబులో ఉండకూడదు. అతను సెలవు పెడితే మైదానానికీ సెలవే అవుతుంది. రెండో తాళంచెవి హాస్టల్ సెక్యూరిటీ గదిలో, రిజిస్టర్‌తో సహా ఉంచండి.

కడ్డీల కొలతలు, మెస్ సరుకు పట్టిక, పరుగు క్రమం విడివిడి కాగితాల మీద రాసి ఇవ్వడానికి, మీ ఇంజనీరింగ్ విభాగం వాళ్లతో కూర్చుని స్థలం చూడటానికి మేం సిద్ధం. గుంతలు వానలకు ముందు, మే నెలలోనే తవ్విస్తే జులైలో పిల్లలు వచ్చేసరికి కాంక్రీటు పూర్తిగా గట్టిపడి ఉంటుంది.

ఇట్లు
వ్యాయామ విద్య, మైదానాలు, హాస్టల్ మెస్సుల పనిలో ఉన్నవాళ్లం